ఆరడం – ఎండడం: సికింద్రాబాదు ఇళ్ళలో ఒకదానిపై ఒకటి పేర్చే ట్రేలు, ఆహారాన్ని నిలవచేసే పద్ధతి

వ్యాససంగ్రహం:

ఒరుగులు, వడియాలు, అప్పడాలు, ఎండుమిరప వంటి నిలవ పదార్థాల తయారీ తెలుగు గృహజీవనంలో వేసవి పనులలో ముఖ్యమైనది. విశాలమైన మిద్దె, పెరడు ఉన్న ఇంటికోసం రూపొందిన ఈ పని అపార్ట్‌మెంటు బాల్కనీకి చేరినప్పుడు స్థలం చాలక ఆగిపోతున్నది. ఒకదానిపై ఒకటి పేర్చుకోగల జాలీ ట్రేలను ఇంట్లోనే తయారుచేసుకోవడం దీనికి ఒక పరిష్కారం. ఈ ట్రేల నిర్మాణాన్ని, అవి పనిచేసే తీరును, వాటి పరిమితులను ఈ వ్యాసం వివరిస్తుంది. తెలుగులోని ‘ఆరు’, ‘ఎండు’ అనే రెండు క్రియల అర్థభేదం ఈ ప్రక్రియలోని రెండు దశలను అర్థం చేసుకోవడానికి ఎలా తోడ్పడుతుందో కూడా పరిశీలిస్తుంది.

కీలక పదాలు: ఒరుగులు, వడియాలు, ఆరబెట్టడం, ఎండబెట్టడం, వృత్తిపదజాలం, గృహవిజ్ఞానం, సికింద్రాబాదు.

1. ప్రవేశిక

సికింద్రాబాదు 1806లో మూడవ నిజాం సికందర్ జా పేరు మీద వెలసిన నగరం. కంటోన్మెంటు, రైల్వే ఈ నగరానికి రెండు ప్రధాన ఆధారాలు. 1966 అక్టోబరు 2న దక్షిణమధ్య రైల్వే సికింద్రాబాదు ప్రధాన కేంద్రంగా ఏర్పడింది. ఉద్యోగాల కోసం వచ్చి స్థిరపడిన కుటుంబాలు తమ ప్రాంతాల వంటలతోపాటు వాటిని నిలవచేసే అలవాట్లనూ వెంట తెచ్చుకున్నాయి. అందువల్ల తెలంగాణ ఇళ్ళ ఒరుగులు, కోస్తా ఇళ్ళ గుమ్మడి వడియాలు, రాయలసీమ ఇళ్ళ ఊరమిరపకాయలు ఒకే వీధిలో పక్కపక్క మిద్దెల మీద కనిపించే అవకాశం ఈ నగరంలో ఏర్పడింది.

వాతావరణం కూడా ఇందుకు అనుకూలించింది. దక్కను పీఠభూమి మీద, సముద్రమట్టానికి దాదాపు 540 మీటర్ల ఎత్తున ఉన్న ఈ ప్రాంతంలో ఏప్రిల్, మే నెలల మధ్యాహ్నాలు వేడిగాను, పొడిగాను ఉంటాయి. ఉష్ణోగ్రత 40 డిగ్రీల దాకా చేరుతుంది. జూన్‌లో ఋతుపవనాలు వచ్చేలోగా ఏడాదికి సరిపడే నిలవ పదార్థాలను సిద్ధం చేసుకోవడం ఇంటి ఆడవారి బాధ్యతగా సాగింది.

ఈ పనికి కావలసిన మొదటి వనరు మిద్దె. మారేడుపల్లి, పద్మారావునగర్, సీతాఫల్‌మండి వంటి ప్రాంతాలలో సొంత మిద్దెల ఇళ్ళ స్థానంలో అపార్ట్‌మెంట్లు వస్తున్నాయి. పై కప్పు ఉమ్మడిదైంది. దాని మీద నీటి ట్యాంకులు, సౌర ఫలకాలు చేరాయి. మిగిలిన చోట పావురాలు, కోతులు, రోడ్డు దుమ్ము ఉన్నాయి. ఒక కుటుంబానికి తనదిగా మిగిలినది బాల్కనీ మాత్రమే. కాబట్టి ప్రశ్న ఇలా మారింది: ఒక మంచమంత పరుపును ఒక కుర్చీ పట్టేంత చోటులోకి తేవడం సాధ్యమేనా? తెచ్చినప్పుడు ప్రక్రియలో ఏమి మారుతుంది?

2. రెండు క్రియలు, రెండు దశలు

తడిని పోగొట్టే పనికి తెలుగులో ముఖ్యంగా రెండు క్రియలున్నాయి. ఒకటి ‘ఆరు’, రెండవది ‘ఎండు’. వీటి ప్రేరణ రూపాలు ఆరబెట్టు, ఎండబెట్టు. పైకి ఇవి పర్యాయపదాలుగా కనిపించినా వాడుకలో వీటి హద్దులు చాలావరకు వేరు.

‘ఎండు’ అనే క్రియకు ‘ఎండ’ అనే నామంతో ఉన్న సంబంధం స్పష్టం. వేడి ఇందులో అంతర్లీనంగా ఉంది. ‘ఆరు’ అనే క్రియకు అలాంటి సంబంధం లేదు. దీపం ఆరుతుంది, చెమట ఆరుతుంది, తడి తల ఆరుతుంది. వేడి తగ్గడం, పైనున్నది తొలగిపోవడం ఈ ప్రయోగాలలో ప్రధానం. తమిళంలో దీని సజాతీయ పదం చల్లబడటం, గాయం మానడం అనే అర్థాలలో వాడుకలో ఉండటం కూడా గమనించదగినది.

సమాసాలలో ఈ భేదం మరింత తేటపడుతుంది. ఎండుమిరప, ఎండుకొబ్బరి, ఎండుద్రాక్ష, ఎండుచేప అంటారు. ఇక్కడ ‘ఎండు’ ఆ వస్తువుకు కొత్త పేరునిచ్చింది. ఎండుమిరప పచ్చిమిరప కాదు, దాని రుచి, వాడకం, ధర అన్నీ వేరు. ‘ఆరు’ ఇలాంటి సమాసాలను ఇవ్వలేదు. ఆరిన బట్ట బట్టగానే ఉంటుంది. అంటే ఆరడం స్థితిలో మార్పు, ఎండడం స్వభావంలో మార్పు.

ఈ సూత్రానికి మినహాయింపులు లేకపోలేదు. కళ్ళంలో ధాన్యాన్ని మంచి ఎండలోనే పరచినా ఆ పనిని ‘ఆరబోయడం’ అంటారు. అక్కడ పలచగా పరచి గాలి తగలనివ్వడం అనే అంశానికి ప్రాధాన్యం దక్కిందని భావించవచ్చు. కాబట్టి ఇది వాడుకలోని మొగ్గు మాత్రమే, కచ్చితమైన నియమం కాదు.

ఆహారశాస్త్రం ఇదే ప్రక్రియను రెండు దశలుగా విభజిస్తుంది. మొదటి దశలో ముక్క ఉపరితలం తడిగా ఉంటుంది. అక్కడి నీరు ఆవిరయ్యే వేగాన్ని చుట్టూ ఉన్న గాలి పొడితనం, కదలిక, దాని ఉష్ణోగ్రత నిర్ణయిస్తాయి. రెండవ దశలో ఉపరితలం పొడిబారుతుంది. లోపలి నీరు పైకి రావాలి. ఈ దశలో గాలి ఎంత వీచినా పెద్ద లాభం ఉండదు. ముక్క మందం, దానికి అందే వేడి వేగాన్ని నిర్ణయిస్తాయి. మొదటిది ఆరడం, రెండవది ఎండడం అని చెప్పుకుంటే తెలుగు పాఠకునికి పారిభాషిక పదాల అవసరం లేకుండానే విషయం బోధపడుతుంది.

ఈ క్రమాన్ని తలకిందులు చేస్తే నష్టం జరుగుతుంది. మొదటి గంటలలోనే తీవ్రమైన వేడి తగిలితే ముక్క పైపొర గట్టిపడి పెంకులా మారుతుంది. లోపలి తడి బయటికి రాలేక అక్కడే చిక్కుకుంటుంది. పైకి గలగలలాడే ముక్క డబ్బాలో కొన్ని రోజులకే బూజు పట్టడానికి ఇదొక కారణం. ముందు ఆరాలి, తరువాత ఎండాలి. ఆవకాయకు తెచ్చిన మామిడికాయలను కడిగి, తుడిచి, తడి ఆరనిచ్చిన తరువాతే ముక్కలు కొట్టే ఇళ్ళలో ఈ క్రమజ్ఞానం మరో రూపంలో కనిపిస్తుంది.

3. నులకమంచం నుంచి జాలీ ట్రే దాకా

నేల మీద పరచిన చాప కంటే నులకమంచం మీద పరచిన పాతచీర మేలైన సాధనం. నులక సందుల గుండా కిందనుంచి కూడా గాలి తగులుతుంది. నేల దుమ్ము అంటదు. చీమల బెడద తగ్గుతుంది. ఈ దృష్టితో చూస్తే నులకమంచమే తెలుగు ఇంటి తొలి జాలీ ట్రే. మేదరులు అల్లే చేటలు, తట్టలు, తడకలు కూడా ఇదే పని చేశాయి. వెదురు అల్లికలో సహజంగానే సందులుంటాయి.

ఒకదానిపై ఒకటి పొరలుగా ఎండబెట్టే పద్ధతి మామిడితాండ్రలో ఉంది. చాప మీద మామిడిరసాన్ని పలచగా పూసి, అది ఎండిన తరువాతనే మరొక పొర పూస్తారు. అన్ని పొరలనూ ఒకేసారి పోస్తే లోపలిది ఎన్నటికీ ఎండదు. మందం పెరిగితే కాలం పెరుగుతుందన్న నియమాన్ని తాండ్ర తయారీ పాటిస్తుంది. అయితే తాండ్రలో పొరలు ఒకదానినొకటి అంటుకొని ఉంటాయి. ట్రేల వరుసలో పొరల మధ్య ఖాళీ ఉంటుంది, ఆ ఖాళీయే అక్కడ పని చేస్తుంది.

ఆధునిక పరిశోధనలో చిన్నతరహా సౌర ఆరబెట్టు పెట్టె మీద తొలి వివరణలలో ఒకటి 1966లో వచ్చింది. కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయానికి చెందిన బ్రేస్ పరిశోధన సంస్థలో టి.ఎ. లావాండ్ దానిని రూపొందించారు. అద్దపు మూత కింద వేడెక్కిన గాలి జాలీ గుండా పైకి సాగి రంధ్రాల ద్వారా బయటికి పోవడం దాని సూత్రం. హైదరాబాదులో సొసైటీ ఫర్ ఎనర్జీ, ఎన్విరాన్‌మెంట్ అండ్ డెవలప్‌మెంట్ అనే సంస్థ సౌర విద్యుత్తుతో తిరిగే ఫ్యాన్లను అమర్చిన ఇలాంటి పెట్టెలను పండ్లు, కూరగాయల కోసం రూపొందించింది. ఇంటి ట్రేలు ఈ సాధనాలకు సరళమైన రూపం.

4. అంతస్తుల లెక్క

ట్రేలను పేర్చగానే స్థలం సమస్య తీరుతుంది. 60 సెంటీమీటర్ల పొడవు, 45 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న ట్రే వైశాల్యం 0.27 చదరపు మీటర్లు. అయిదు ట్రేలు పేరిస్తే 1.35 చదరపు మీటర్ల పరుపు లభిస్తుంది. ఇది ఇంచుమించు ఒక మంచానికి దగ్గరి కొలత. నేలమీద ఆక్రమించేది మాత్రం ఒక్క ట్రే చోటే.

అయితే అంతస్తులు చోటును పెంచుతాయి గాని ఎండను పెంచవు. ఈ విషయాన్ని ఒక ఉదాహరణతో చూడవచ్చు. వంకాయలో నీరు 90 శాతానికి పైగానే ఉంటుంది. 92 శాతం అనుకుంటే కిలో వంకాయ ముక్కలలో ఘనపదార్థం 80 గ్రాములు మాత్రమే. నిలవకు తగిన 10 శాతం తేమకు తెస్తే చివరి బరువు దాదాపు 89 గ్రాములు. అంటే 911 గ్రాముల నీరు ఆవిరి కావాలి. కిలో నీరు ఆవిరి కావడానికి సుమారు 2,400 కిలోజౌళ్ళ శక్తి కావాలి కాబట్టి, ఈ నీటికి సుమారు 0.6 యూనిట్ల శక్తి అవసరం.

వేసవిలో ఈ ప్రాంతంలో చదరపు మీటరుకు రోజుకు సుమారు 6 యూనిట్ల సౌరశక్తి పడుతుంది. 0.27 చదరపు మీటర్ల ట్రే మీద పడేది సుమారు 1.6 యూనిట్లు. అందులో సగానికి పైగా వృథా అయినా ఒక ట్రేలోని కిలో ముక్కలు రెండు రోజులలో ఎండగలవు. అదే చోట అయిదు ట్రేలు పేరిస్తే కావలసినది 3 యూనిట్లు, పడేది మాత్రం అదే 1.6 యూనిట్లు. పైగా ఆ ఎండ పై ట్రేకే తగులుతుంది, కింది నాలుగూ నీడలో ఉంటాయి.

మిగిలిన శక్తి ఎక్కడినుంచి రావాలి? కదిలే పొడిగాలి నుంచి రావాలి. 40 డిగ్రీల ఉష్ణోగ్రత, 25 శాతం సాపేక్ష ఆర్ద్రత ఉన్న వేసవి మధ్యాహ్నపు గాలి చల్లబడుతూ కిలోకు ఆరేడు గ్రాముల దాకా నీటిని తీసుకోగలదు. అందులో సగమే పనికి వచ్చిందనుకున్నా అయిదు కిలోల ముక్కలకు దాదాపు 1,300 కిలోల గాలి, అంటే సుమారు 1,200 ఘనపు మీటర్ల గాలి ట్రేల మధ్యగా సాగాలి. బాల్కనీలో గాలి స్తంభించి ఉంటే ఇది జరగదు. ఒక టేబుల్ ఫ్యాను తోడైతే కొన్ని గంటలలో జరుగుతుంది. అంటే ట్రేలను పేర్చడం వల్ల ఎండబెట్టే పని ప్రధానంగా ఆరబెట్టే పనిగా మారుతుంది. ఈ మార్పును గుర్తించనిచోట ట్రేలు విఫలమవుతాయి. పై ట్రే ఎండి, కింది ట్రేలు పులిసి, లోపం సాధనానిదని అనిపిస్తుంది.

5. నిర్మాణం

చట్రానికి సన్నని చెక్క రీపర్లు చాలు. రసాయనాలు పూసిన చెక్క, పాత ప్యాకింగు పెట్టెల చెక్క, జిగురు కారే చెక్క పనికిరావు. ప్లైవుడ్ తడికి ఉబ్బుతుంది. వెదురు బద్దలతో కూడా చట్రం చేయవచ్చు.

జాలీ ఎంపిక మరింత ముఖ్యం. జింకు పూత ఉన్న ఇనుప జాలీ చౌక, కాని మామిడి, టమాట, చింత వంటి పుల్లని పదార్థాలు తగిలితే జింకు కరిగి ఆహారంలోకి చేరుతుంది. అల్యూమినియం జాలీ ఉప్పుకు, పులుపుకు తినిపోతుంది. రాగి విటమిన్-సి నాశనాన్ని వేగవంతం చేస్తుంది. స్టెయిన్‌లెస్ స్టీలు జాలీ అన్నిటికంటే మేలు. అది దొరకనిచోట చట్రానికి బిగువుగా కట్టిన నూలు దారాల అల్లిక మీద శుభ్రమైన పలచని నూలుగుడ్డ పరచడం సురక్షితం. ఇది నులకమంచం పద్ధతే.

చట్రం నాలుగు మూలలా చెక్కముక్కలు బిగించి, ఒక ట్రే మీద మరొకటి నిలిచినప్పుడు మధ్యన సుమారు 5 సెంటీమీటర్ల ఖాళీ ఉండేలా చూడాలి. మూలముక్క పై కొన ఒకవైపు కొద్దిగా పొడుచుకువచ్చి పై ట్రేను పట్టి ఉంచితే వరుస జారదు. పొడవు పక్కలు రెండూ తెరచి ఉండాలి. ఫ్యానును ఒక పొడవు పక్కకు ఎదురుగా పెడితే ప్రతి ట్రే మీదుగా గాలి అడ్డంగా సాగి రెండవ పక్కనుంచి బయటికి పోతుంది. ప్రతి ట్రేకూ పొడిగాలే అందుతుంది. నాలుగు పక్కలూ మూసి, గాలిని కిందనుంచి పైకి పంపే పెట్టెలో అలా కాదు. కింది ట్రే తడిని మోసుకొచ్చిన గాలే పై ట్రేకు చేరుతుంది కాబట్టి అక్కడ ట్రేల స్థానాలను తరచుగా మార్చాలి. అడ్డగాలి పద్ధతిలో కూడా ఫ్యాను వైపు ముక్కలు ముందుగా ఆరుతాయి. రెండు మూడు గంటలకొకసారి ట్రేలను తిప్పిపెట్టాలి.

ఒక ట్రేలో కిలోకు మించి పచ్చిముక్కలు వేయకూడదు. ముక్కలు ఒకే వరుసలో, ఒకదానినొకటి కప్పకుండా, సమానమైన మందంతో ఉండాలి. మందం అయిదారు మిల్లీమీటర్లు దాటకపోవడం మంచిది. మొత్తం వరుసను ఒక దోమతెర కప్పితే ఈగలు, పావురాల బెడద తీరుతుంది. రాత్రి గాలిలో తేమ పెరుగుతుంది కాబట్టి సాయంత్రం ట్రేలను లోపలికి చేర్చాలి.

6. పదార్థాన్ని బట్టి పద్ధతి

అన్ని పదార్థాలకూ ఒకే తీరు సరిపోదు. కరివేపాకు, మునగాకు, పుదీనా వంటివి పేర్చిన ట్రేలకు బాగా అనువైనవి. కరివేపాకులో నీరు సుమారు 64 శాతమే. ఆకు పలచన. నీడలో ఆరితే ఆకుపచ్చదనం, విటమిన్-ఎకు మూలమైన కెరోటిన్ ఎండలో కంటే మెరుగ్గా నిలుస్తాయి. అప్పడాలను కూడా తీవ్రమైన ఎండకు పెడితే వంకర్లు తిరిగి పగులుతాయి కనుక నీడన ఆరబెట్టడం వాడుక.

వంకాయ, కాకర, గోరుచిక్కుడు, దోస ఒరుగులకు రెండు దశలూ కావాలి. గోరుచిక్కుడు, కాకర వంటివాటిని ఉప్పునీటిలో ఒక ఉడుకు రానిచ్చి తీయడం అనేక ఇళ్ళ పద్ధతి. ఆ వేడికి రంగును, రుచిని చెడగొట్టే ఎంజైములు నిష్క్రియమవుతాయి. ఉప్పు సూక్ష్మజీవులకు అందే నీటిని తగ్గిస్తుంది. వీటిని మొదటిరోజు పేర్చిన ట్రేలలో ఫ్యాను గాలికి ఆరబెట్టాలి. ముక్కలు కుంచించుకుపోయి, రెండు మూడు ట్రేలలోనివి ఒక్క ట్రేలో ఇమిడే స్థితికి వచ్చాక ట్రేలను విడదీసి వంతులవారీగా నేరుగా ఎండకు పెట్టాలి. బాల్కనీకి వచ్చే మూడు నాలుగు గంటల ఎండ ఈ దశకు ఉపయోగపడుతుంది.

మినప వడియాలు, గుమ్మడి వడియాలు ట్రేలకు అంతగా లొంగవు. అవి మందమైనవి. పిండి నీడలో ఎక్కువసేపు ఉంటే పులుస్తుంది. వీటికి తొలిరోజు నుంచే ఎండ కావాలి. తప్పనిసరైతే చిన్న పరిమాణంలో పెట్టి పై ట్రేకే పరిమితం చేయాలి.

వానాకాలంలో 28 డిగ్రీలు, 80 శాతం ఆర్ద్రత ఉన్న గాలికి ఫ్యాను తోడైనా ముక్కలు నిలవకు తగినంతగా ఎండవు. అదే గాలిని 50 డిగ్రీలకు వేడిచేస్తే ఆర్ద్రత 24 శాతానికి పడిపోతుంది. ఆ వేడికి విద్యుత్తు ఖర్చు తప్పదు. అందుకే ఈ పని వేసవికి కేటాయించిన పనిగా స్థిరపడింది.

7. ఎండిందనడానికి నిదర్శనం

సగం ఎండిన పదార్థం వల్ల కలిగే ప్రమాదం రుచి చెడటంతో ఆగదు. 1960లో ఇంగ్లండులో టర్కీకోళ్ళు వేల సంఖ్యలో చనిపోయినప్పుడు, వాటి దాణాలోని వేరుశనగ పిండిలో పెరిగిన బూజు విషం అఫ్లటాక్సిన్ వెలుగులోకి వచ్చింది. 1974లో రాజస్థాన్, గుజరాత్ గిరిజన గ్రామాలలో వానకు తడిసి బూజు పట్టిన మొక్కజొన్న తిని వందమందికి పైగా మరణించారు. కాలేయవ్యాధిగా కనిపించిన ఆ విపత్తుకు అఫ్లటాక్సిన్ కారణమని నిర్ధారించిన పరిశోధకులు సికింద్రాబాదుకు పక్కనే తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థకు చెందినవారు. మిరప, వేరుశనగ, కొబ్బరి వంటివాటిలో ఈ బూజు పెరిగే అవకాశం ఎక్కువ. బూజు కనిపించిన భాగాన్ని తీసివేసి మిగిలినది వాడటం, మళ్ళీ ఎండబెట్టి వాడటం సురక్షితం కావు. ఎండ బూజును ఆపుతుంది గాని అప్పటికే ఏర్పడిన విషాన్ని పూర్తిగా తొలగించదు.

కాబట్టి ‘ఎండింది’ అనే నిర్ణయానికి చేతిస్పర్శతోపాటు బరువును కూడా ఆధారం చేసుకోవాలి. కిలో వంకాయ 90 గ్రాముల దరిదాపులకు రావాలి. ఇంకా 150 గ్రాములుంటే అది ఆరింది గాని ఎండలేదు. ఎండిన ముక్కలను గాజుసీసాలో సగానికి పైగా నింపి వారం రోజులపాటు రోజూ కుదిపి చూడాలి. సీసా లోపల చెమ్మ కనిపిస్తే మళ్ళీ ఎండకు పెట్టాలి. జాడీలోని ఒరుగులకు నడుమనడుమ ‘ఎండ చూపించడం’ అనే ఇంటి వాడుక కూడా ఇందుకోసమే.

8. ముగింపు

పేర్చే ట్రేలు మిద్దెకు పూర్తి ప్రత్యామ్నాయం కావు. ఆకులకు, అప్పడాలకు అవి మిద్దెను మించినవి. ఒరుగులకు సగం పని చేస్తాయి. వడియాలకు తక్కువగా ఉపకరిస్తాయి. ఈ తేడాను తెలుసుకొని వాడితే అపార్ట్‌మెంటు కుటుంబం కూడా వేసవిలో కొన్ని కిలోల కూరగాయలను నిలవచేసుకోగలదు. మెట్లెక్కి దిగడం, కాకులకు కాపలా కాయడం వంటి శ్రమ తగ్గుతుంది. కాపలా అవసరం తగ్గినప్పుడు ఉద్యోగం చేసే స్త్రీకి, ఇంట్లోని పురుషునికి కూడా ఈ పని అందుబాటులోకి వస్తుంది.

తెలుగు పరిశోధకులకు ఇందులో మరొక కర్తవ్యం ఉంది. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో వెలువడిన మాండలిక వృత్తిపదకోశం తొలి సంపుటం వ్యవసాయ పదజాలాన్ని ఊరూరా తిరిగి సేకరించే విధానానికి మార్గం చూపింది. ఇంటి వంటపనిని కూడా ఒక వృత్తిగా గుర్తించి అదే శ్రద్ధతో పదసేకరణ జరగవలసి ఉంది. ఆరబెట్టు, ఆరబోయు, ఆరవేయు, ఎండబెట్టు, ఎండ చూపించు అనే క్రియల మధ్య భేదాలు ఏ ప్రాంతంలో ఎలా ఉన్నాయో, ఒరుగు, వరుగు అనే రూపాలలో ఏది ఎక్కడ వాడుకలో ఉందో నమోదు కావాలి. ఒకే అపార్ట్‌మెంటులో మూడు ప్రాంతాల కుటుంబాలు నివసించే సికింద్రాబాదు వంటి నగరం అలాంటి సేకరణకు అనువైన క్షేత్రం. ఈ పనులను స్వయంగా చేసిన తరం అందుబాటులో ఉండగానే ఈ సేకరణ మొదలు కావాలి.